ఇన్‌స్టాగ్రామ్‌లో కలంకారీ చీరలు: సగం అడ్వాన్స్ అడుగుతున్నారు, పంపొచ్చా?

తిరుపతి_517501

అందరికీ నమస్కారం. ఆడబిడ్డ పెళ్ళికి పెట్టుబడి చీరలు కావాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ చూసినాం. "శ్రీకాళహస్తి పెన్ కలంకారీ, ప్యూర్ సిల్క్, నేరుగా కళాకారుల నుంచి" అని పెట్టినారు. చీర 1,899 రూపాయలు, ఐదు తీసుకుంటే ఒకటి ఉచితం. 86 వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. క్యాష్ ఆన్ డెలివరీ లేదంట. సగం ముందే యూపీఐలో పంపాలి, మిగతా సగం పార్శిల్ బయల్దేరినాక. అడ్రస్ అడిగితే "శ్రీకాళహస్తి, గుడి దగ్గర" అన్నారంతే.

ఇంకో సంగతి. మా అత్తగారు ఆగలేక నిన్న రాత్రి ఒక చీరకి 950 పంపేసినారు. ఈరోజు పొద్దున "జీఎస్టీ కింద 450 కట్టండి, పార్శిల్ చేరినాక తిరిగొస్తుంది" అని మెసేజ్ వచ్చింది. అది ఇంకా కట్టలేదు. ఈ పేజీ అసలుదా కాదా ఎట్లా తేల్చుకోవాలి? పోయిన 950 వెనక్కి వచ్చే దారి ఉందా?

స్వర్ణముఖి_గట్టు

ముందు ఆ 450 కట్టొద్దని అత్తగారికి గట్టిగా చెప్పండి. జీఎస్టీ అనేది చీర ధరతో కలిసి బిల్లులో కనబడే పన్ను. కట్టించుకొని మళ్ళీ తిరిగిచ్చే డిపాజిట్ కాదు. ఇది కడితే రేపు "కొరియర్ ఇన్సూరెన్స్" అంటారు. ఎల్లుండి "సిస్టంలో ఎర్రర్ వచ్చింది, ఇంకోసారి పంపండి, రెండూ కలిపి వేస్తాం" అంటారు. 950 పోయింది కదా, ఇంకో 450తో అదీ ఇదీ చేతికొస్తుందేమో అనే ఆశ మీదనే ఈ మోసం నడుస్తుంది. ఈ జవాబు పూర్తిగా చదవకముందే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, మిగతాది తర్వాత చూద్దాం.

ఇక పేజీని ఎట్లా తూచాలో చెప్తాను. ఫాలోవర్ల లెక్క వదిలేయండి, అది డబ్బుకి దొరికే సరుకు. ప్రొఫైల్‌లో పైనున్న మూడు చుక్కలు నొక్కి 'అబౌట్ దిస్ అకౌంట్' తెరవండి. అకౌంట్ ఏ నెలలో మొదలైంది, ఏ దేశం నుంచి నడుస్తోంది, పేరు ఎన్నిసార్లు మార్చినారు అనేవి అక్కడ కనబడతాయి. పోయినేడు మీమ్స్ పేజీగానో క్రికెట్ పేజీగానో ఉన్నది ఈ ఏడు చీరల దుకాణమైతే, 86 వేల మంది ఎక్కణ్ణించి వచ్చినారో అర్థమైపోతుంది. తర్వాత 'ట్యాగ్డ్' ఫొటోలు చూడండి. నిజంగా అమ్ముకునేవాళ్ళ పేజీలో ఆ చీర కట్టుకున్న ఆడవాళ్ళు పెట్టిన ఫొటోలు ఉంటాయి. అవి తెచ్చిపెట్టుకోవడం కష్టం. కామెంట్లు మూసేసి "డీఎం (ప్రైవేట్ మెసేజ్) మాత్రమే" అంటే, మోసపోయినవాళ్ళు రాసింది మీకు కనబడకూడదనే.

ఒక్కో చీర ఫొటోని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేయండి. అదే ఫొటో నాలుగైదు వేర్వేరు పేర్ల పేజీల్లో వేర్వేరు ధరలకి కనబడితే, చీర వీళ్ళ దగ్గర లేదు, ఫొటో మాత్రమే ఉంది.

జీఎస్టీ నంబరు అడగండి. అందులో 15 అక్షరాలు ఉంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రం: ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36, గుజరాత్ 24. తర్వాతి పది పాన్ నంబరు. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే 'సెర్చ్ ట్యాక్స్‌పేయర్'లో ఆ నంబరు కొడితే యజమాని పేరు, దుకాణం పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, చిరునామా, యాక్టివ్‌గా ఉందా క్యాన్సిల్ అయిందా అన్నీ వస్తాయి. నంబరు అసలుదైతే చాలు అనుకోకండి. వేరే దుకాణం బిల్లు మీది నంబరే కాపీ కొట్టి పంపేవాళ్ళున్నారు. పోర్టల్‌లో వచ్చిన పేరూ, డబ్బు పంపేటప్పుడు యూపీఐ యాప్‌లో కనబడే పేరూ కలవాలి. 2025 జూన్ 30 నుంచి యాప్‌లన్నీ బ్యాంకు రికార్డులో ఉన్న పేరే చూపించాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నిబంధన పెట్టింది. కాబట్టి పిన్ కొట్టే ముందు తెరమీద వచ్చే పేరు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. శ్రీకాళహస్తి కళాకారుడంటూ, సంబంధం లేని ఊరివాళ్ళ పేరు వస్తే అక్కడే ఆపేయాలి.

కాకపోతే ఒకటి. చిన్న నేతగాళ్ళు, ఇంట్లోనే గీసుకునే కళాకారులు టర్నోవర్ పరిమితి దాటరు కాబట్టి జీఎస్టీ లేకుండా, సొంత యూపీఐ మీదనే అమ్ముకుంటారు. జీఎస్టీ లేనివాళ్ళంతా దొంగలని అనుకుంటే అన్యాయమైపోయేది వాళ్ళే. అట్లాంటివాళ్ళకి వేరే పరీక్ష ఉంది: వీడియో కాల్. ఒక కాగితం మీద ఆ రోజు తేదీ, మీ పేరు రాసి, మీరడిగిన చీర మీద పెట్టి చూపించమనండి. తర్వాత చీర తిరగేసి వెనక వైపు, అంచు, చివరగా వాకిట్లోకి వచ్చి వీధి చూపించమనండి. ఇంట్లో చీర ఉన్నవాళ్ళకి రెండు నిమిషాల పని. లేనివాళ్ళు కెమెరా పాడైందంటారు, లేదా రికార్డు చేసిన వీడియో పంపుతారు.

కరక్కాయ_రంగు

పేజీ గురించి పైన చెప్పినారు. నేను బట్ట గురించి చెప్తాను, ఎందుకంటే ఇక్కడ మోసం ఆ ప్రకటనలోనే ఉంది.

శ్రీకాళహస్తి కలంకారీ అంటే కలంతో గీసేది. వెదురు పుల్ల కొస చెక్కి, దానికి బట్టో ఉన్నో చుట్టి, ఆ చుట్టను రంగులో ముంచి, వేళ్ళతో నొక్కుతూ గీత దించుతారు. గీసే ముందు బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని వెన్న వల్ల రంగు పక్కకి పాకదు. నలుపు కోసం ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెడతారు, దాన్నే కసిమి అంటారు. ఎరుపు పట్టడానికి పటిక. మధ్యమధ్యలో ఉతుకుడు, ఆరబెట్టడం. చీరంతా ఇట్లా పూర్తి కావడానికి వారాలు పడుతుంది. అట్లాంటి పనికి, అదీ పట్టు మీద, 1,899 అనేది కుదిరే లెక్క కాదు. రంగు వెయ్యని ఉత్త పట్టు ఆరు మీటర్లకే ఆ డబ్బు చాలదు. పైగా "ఐదుకి ఒకటి ఉచితం" అనేది గోడౌన్‌లో బేళ్ళు పడున్న ప్రింట్ సరుకుకి చెప్పే మాట.

వీడియోలో చూడాల్సింది గీత. నల్ల గీతని దగ్గరగా చూపించమనండి. కలం ముంచిన చోట గీత లావుగా మొదలై, రంగు అయిపోయేకొద్దీ సన్నబడి, మళ్ళీ ముంచి కలిపిన చోట చిన్న చుక్కలా ఉబ్బుతుంది. అమ్మవారి కన్ను దగ్గర ఇది బాగా తెలుస్తుంది. పై రెప్ప గీతా, కింది రెప్ప గీతా కలిసే మూలలో కొంచెం ముద్ద కడుతుంది. ప్రింట్‌లో గీత మొదలు నుంచి చివరిదాకా ఒకే లావు. తర్వాత పల్లూలో రెండు నెమళ్ళుంటే రెండింటినీ పక్కపక్కన పోల్చండి. చేత్తో గీసినవైతే తోక ఈకల లెక్కో, మెడ వంపో ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది. అచ్చు గుద్దినట్లు ఒకటే అయితే అది స్క్రీన్ ప్రింటో డిజిటల్ ప్రింటో. వెనక వైపు వెలిసిపోయినట్టు, తెల్లగా ఉంటే డిజిటల్ ప్రింట్ అని తొంభై పాళ్ళు అనుకోవచ్చు.

ప్రింట్ కట్టుకోవడం తప్పేం కాదు. మచిలీపట్నం కలంకారీ చెక్క అచ్చులతో వేసేదే, దాని విలువ దానిది. నగరి పవర్‌లూమ్ బట్ట కూడా అంతే. పవర్‌లూమ్ అని చెప్పి అమ్మితే అది నిజాయితీ వ్యాపారం. ప్రింట్‌ని పెన్ అని, పాలిస్టర్‌ని పట్టు అని చెప్పడం దగ్గరే మోసం మొదలవుతుంది.

సిల్క్ మార్క్ లేబుల్ గురించి కూడా చాలామంది పొరబడతారు. అది నిజమైన పట్టు అని మాత్రమే చెప్తుంది. చేత్తో గీసిందనో, మగ్గం మీద నేసిందనో చెప్పదు. మగ్గానికి హ్యాండ్‌లూమ్ మార్క్ వేరే ఉంది. పేజీలో లేబుల్ బొమ్మ పెట్టినంత మాత్రాన లాభం లేదు, మీకొచ్చే చీరకి కుట్టి ఉన్న లేబుల్ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూసుకోవాలి. వెంకటగిరి చీర కొనేవాళ్ళు అంచుల పొడవునా సన్నటి సూది రంధ్రాలున్నాయేమో చూడండి. నేసేటప్పుడు బట్ట లోపలికి ముడుచుకోకుండా రెండంచులకి గుచ్చి పట్టే కర్ర గుర్తులవి.

చీర చేతికొచ్చినాక పట్టు అవునో కాదో తేలాలంటే కుచ్చుల కొసన రెండు పోగులు లాగి కాల్చండి. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడైపోయే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అంటుకుంటుంది.

చిత్తూరు_వాసి

క్యాష్ ఆన్ డెలివరీ ఉండే పేజీ అయితే భయం లేదు కదా? డబ్బు వస్తువు వచ్చినాకే ఇస్తాం.

అలిపిరి_దారి

అన్నా, అదే పెద్ద అపోహ. కొరియర్ మనిషి డబ్బు తీసుకున్నాకే కవరు విప్పనిస్తాడు. లోపల చింకి బట్ట ఉన్నా ఆయన చేసేదేం లేదు, ఆ డబ్బు కొరియర్ కంపెనీ ద్వారా అమ్మినవాళ్ళకి పోతుంది. విప్పి చూసినాక ఓటీపీ చెప్పే 'ఓపెన్ బాక్స్' పద్ధతి ఉంటేనే అది నిజమైన రక్ష. అందులో కూడా వస్తువు పూర్తిగా చూసినాకే ఓటీపీ చెప్పాలి, తలుపు దగ్గర తొందర పెడితే చెప్పకూడదు. ఎవరూ ఆర్డర్ పెట్టని క్యాష్ ఆన్ డెలివరీ పార్శిళ్ళు కూడా వస్తుంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళు "పిల్లలు తెప్పించినారేమో" అని డబ్బిచ్చేస్తారు. ఇంట్లో అందరికీ ఒక కట్టుబాటు చెప్పిపెట్టండి: ఎవరు ఆర్డర్ పెట్టినారో ఫోన్‌లో తేలేదాకా తీసుకోవద్దు, వెనక్కి పంపేయాలి.

లేబుల్ మీద పంపినవాళ్ళ పేరు, వెనక్కి పంపాల్సిన చిరునామా చదవండి. స్పీడ్ పోస్ట్ అయితే ట్రాకింగ్ నంబరు 13 అక్షరాలు: ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర భారతదేశం గుర్తుగా రెండక్షరాలు. ఇండియా పోస్ట్ సైట్‌లో కొడితే ఏ పోస్టాఫీసులో బుక్ అయిందో వస్తుంది. "శ్రీకాళహస్తి నుంచి నేరుగా" అన్న చీర సూరత్‌లో బుక్ అయి ఉంటే తెలిసిపోయినట్టే. అమ్మేవాళ్ళు నంబరు కాకుండా లింకు మాత్రమే పంపితే ఆ లింకు తెరవకండి.

ఇప్పుడు 950 సంగతి. 1930కి ఫోన్ చేసేటప్పుడు ఇవి దగ్గర పెట్టుకోండి: అత్తగారి బ్యాంకు పేరు, ఖాతా నంబరు, డబ్బు పోయిన తేదీ, సమయం, మొత్తం, ఎవరికి పోయిందో ఆ యూపీఐ ఐడీ, వాళ్ళ ఫోన్ నంబరు, యూటీఆర్ నంబరు (ఒక్కో లావాదేవీకి విడిగా ఉండే గుర్తింపు నంబరు). ఎక్కువమంది తడబడేది యూటీఆర్ దగ్గరే. అది 12 అంకెలు. ఫోన్‌పేలో 'టీ' అక్షరంతో మొదలయ్యే పొడుగు నంబరు వేరే, అది యూటీఆర్ కాదు. లావాదేవీ వివరాల్లో కింద యూటీఆర్ అని విడిగా ఉంటుంది. గూగుల్ పేలో 'యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ' అని ఉండేదే ఆ 12 అంకెలు.

తొందర ఎందుకంటే, డబ్బు ఆ మొదటి ఖాతాలో నిలవదు. అద్దెకు తీసుకున్న ఖాతాల్లో ఒకదాన్నించి ఇంకోదానికి మారి ఏటీఎంలో బయటికి వస్తుంది. ఫిర్యాదు అందగానే ఆ బ్యాంకుకి సందేశం పోతుంది, అప్పటికి ఖాతాలో ఎంత మిగిలుంటే అంత ఆపి పెడతారు. ఆపిన డబ్బే తర్వాత వెనక్కి వచ్చే అవకాశం ఉంటుంది. ఫోన్ చేసినాక మెసేజ్‌లో వచ్చే ఫిర్యాదు నంబరుతో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో మిగతా వివరాలు, స్క్రీన్‌షాట్లు పెట్టి ఫిర్యాదు పూర్తి చేయండి. ఆ పనిని మర్నాటికి వాయిదా వేయకండి.

స్క్రీన్‌షాట్ అంటే పేజీ పైన పెద్దగా ఉండే పేరు కాదు. అది ఎప్పుడైనా మార్చేస్తారు. యూజర్‌నేమ్, ప్రొఫైల్ లింకు, చాట్ మొత్తం తేదీలతో సహా తీయండి. ఇవన్నీ దాచుకున్నాకే బ్లాక్ చేయండి. ముందే బ్లాక్ చేసి చాట్ తుడిచేస్తే ఫిర్యాదులో చూపించడానికి ఏమీ మిగలదు.

బ్యాంకు విషయంలో ఉన్నదున్నట్టు చెప్తాను. మూడు పనిదినాల్లో చెప్తే ఖాతాదారుకి నష్టం ఉండదనే రిజర్వ్ బ్యాంకు 2017 నిబంధన, మీకు తెలియకుండా, మీ తప్పు లేకుండా పోయిన డబ్బుకి. ఇక్కడ పిన్ అత్తగారే కొట్టినారు కాబట్టి ఆ నిబంధన పట్టుకొని బ్యాంకుని అడగలేరు. అయినా బ్యాంకుకి రాతపూర్వకంగా చెప్పి రసీదు తీసుకోండి. ఇక ముందు తెలియని అమ్మకందారుకి తప్పనిసరిగా ఆన్‌లైన్‌లో కట్టాల్సి వస్తే క్రెడిట్ కార్డుతో, పేమెంట్ గేట్‌వే ద్వారా కట్టండి. సరుకు రాకపోతే బ్యాంకులో ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని, అడగొచ్చు. ఒకరి సొంత యూపీఐకి నేరుగా పంపిన డబ్బుకి ఆ దారి లేదు.

ఒకటి అడుగుతాను, సరిగ్గా చెప్పండి. అత్తగారు వాళ్ళు పంపిన లింకు ఏదైనా నొక్కినారా? ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్ బయట నుంచి వేసుకునే యాప్) ఏదైనా ఇన్‌స్టాల్ చేసినారా?

తిరుపతి_517501

అందరికీ చాలా థాంక్స్. 1930కి చేసినాం, ఫిర్యాదు నంబరు వచ్చింది. లింకులేం నొక్కలేదు, యాప్‌లేం వేసుకోలేదు. పేజీ పేరు మూడుసార్లు మార్చినట్టు చూపిస్తోంది. జీఎస్టీ నంబరు అడిగితే ఇచ్చినారు, మొదటి రెండంకెలు 24, పోర్టల్‌లో చూస్తే క్యాన్సిల్డ్ అని ఉంది, దుకాణం పేరు కూడా వేరే. వీడియో కాల్ అడిగినాక జవాబు లేదు. ఇప్పుడు ఇంకో నంబరు నుంచి "ఆర్డర్ క్యాన్సిల్ చేశాం, రిఫండ్ కోసం ఈ క్యూఆర్ స్కాన్ చేయండి" అని వచ్చింది. ఇదేంది?

అలిపిరి_దారి

స్కాన్ చేయొద్దు. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు మీ దగ్గర్నుంచి పోతుంది, ఎన్నటికీ రాదు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కాన్ అక్కర్లేదు. ఆ మెసేజ్‌ని, ఆ కొత్త నంబరుని కూడా అదే ఫిర్యాదుకి జతచేయండి. అట్లాంటి నంబర్లని టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని 'చక్షు'లో కూడా నమోదు చేయొచ్చు.

ఇంకో రెండు మూడు రోజుల్లో "సైబర్ సెల్ నుంచి మాట్లాడుతున్నాం, మీ డబ్బు దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి" అని ఫోన్ రావొచ్చు. మోసపోయినవాళ్ళ నంబర్లు చేతులు మారుతుంటాయి. పోలీసులు ఫీజు అడగరు. రిఫండ్ చేస్తామని స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమన్నా, 21తో మొదలయ్యే కోడ్ డయల్ చేయమన్నా ఒప్పుకోవద్దు. ఆ కోడ్‌తో మీ కాల్స్ వాళ్ళ ఫోన్‌కి మళ్ళుతాయి, ఓటీపీ కాల్స్‌తో సహా. పొరబాటున ఎవరైనా డయల్ చేసి ఉంటే ##002# కొడితే అన్ని మళ్ళింపులూ రద్దవుతాయి.

గోవిందరాజుల_వీధి

పేజీ బయోలో వెబ్‌సైట్ లింకు ఉంటే దాన్ని చదివే పద్ధతి ఒకటి చెప్తాను, ఇది మన ఊళ్ళో చీరలకే కాదు, దర్శనం టికెట్లకీ గదులకీ పనికొస్తుంది. చిరునామాలో ముందుండే https:// వదిలేసి, దాని తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కణ్ణించి ఎడమకి చదవండి. యజమాని ఎవరో తేలేది ఆ చివరి ముక్కల్లోనే. టీటీడీ అధికారిక సైట్ టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. చివర్న 'గవ్ డాట్ ఇన్' ఉంది, అది ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. అదే పేరు ముందు పెట్టి చివర 'డాట్ ఆన్‌లైన్' అనో 'డాట్ కామ్' అనో ఉంటే, లేదా చుక్కలకి బదులు అడ్డగీతలు పెట్టి 'ఏపీ-గవ్' అని రాసుంటే అది టీటీడీది కాదు. చిరునామా పక్కన తాళం గుర్తు చూసి నమ్మకండి. మీకూ ఆ సైట్‌కీ మధ్య సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దానర్థం. అవతల కూర్చున్నది దొంగే అయినా తాళం గుర్తు ఉంటుంది.

చిత్తూరు_వాసి

అమ్మినవాళ్ళు అసలైన దుకాణమే, కానీ పట్టు అని చెప్పి పాలిస్టర్ పంపితే? దానికీ 1930 యేనా?

స్వర్ణముఖి_గట్టు

దానికి దారి వేరే అన్నా. మనిషి ఎవరో, ఎక్కడున్నారో తెలియకపోతే అది పోలీసు పని. చిరునామా ఉన్న దుకాణం తప్పుడు సరుకు పంపితే అది వినియోగదారు తగాదా. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు ఫిర్యాదుల అధికారి పేరు, వివరాలు చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ముందు ఆయనకి ఈమెయిల్ రాయండి, ఫోన్లో మాట్లాడి వదిలేయకండి. లాభం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాళ్ళు ఎక్కడున్నా, మీరుండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. వస్తువుకి మీరు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ళలోపు వేయాలి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లోనుంచే వేసుకోవచ్చు.

అక్కడ నిలబడేది మీ దగ్గరున్న వీడియో. పార్శిల్ విప్పేటప్పుడు ఇంకొకరి చేతికి ఫోన్ ఇచ్చి, ఎక్కడా ఆపకుండా తీయించండి. ముందు లేబుల్ చదవగలిగేంత దగ్గరగా, తర్వాత కవరు ఆరు వైపులా అతుకులు చినగలేదని తెలిసేట్టు, తర్వాత కత్తిరించడం, చీర బయటికి తీసి పూర్తిగా పరచడం, చివరగా అంచు లేబుల్. కవరు, లేబుల్ పారేయొద్దు. కాల్చి చూసే పరీక్ష ఆ వీడియో అయినాకే చేయండి. చీరకి ఏదైనా అయిందంటే అమ్మినవాళ్ళు "వాడేసినారు" అని వెనక్కి తీసుకోరు.